గరిక పడని పిల్ల

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతులోనే ఉంది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. ఎవరితో చెప్పుకోను? చెప్పుకునేంత దగ్గరివాళ్లంతా దానివల్ల నష్టపోయినవాళ్లే. అందుకని మీతో చెప్తున్నాను. మిమ్మల్ని నమ్మి కాదు, అది ముందే చెప్పేస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, ఆ ధైర్యం ఒక్కటే. పేరు రాయను. ఊరు మాత్రం దాచను. మాది జగ్గయ్యపేట. నా భర్తది ఎరువుల కొట్టు. ఈ ముక్క రాయగానే, ఏ ఎరువుల కొట్టువాళ్ల ఆవిడా అని మీరు ఆరా తీస్తారేమోనన్న అనుమానం అప్పుడే మొదలైంది. చూశారా, నా బుద్ధి అది.

నాకు అనుమానం ఎక్కువ. చిన్నప్పటినుంచీ అంతే. కూరలమ్మి తక్కెడ పళ్లెం కింద చింతపండు అంటించిందేమోనని తిరగేసి చూసేదాన్ని. పాలవాడు గేదెను మా గుమ్మం ముందుకు తోలుకొచ్చి పిండాలి. పిండేముందు చెంబు బోర్లించి చూపించాలి. అప్పుడుగానీ నాకు తృప్తి ఉండేది కాదు. చుట్టాలెవరైనా ఊరికే చూసి పోదామని వస్తే, అసలు ఏం పనిమీద వచ్చారా అని కాఫీ కలుపుతూ ఆలోచించేదాన్ని. "నీ కళ్లకి ఊరంతా దొంగలే" అని నా భర్త నవ్వేవారు. అప్పట్లో ఆ మాటని మెచ్చుకోలుగానే తీసుకున్నాను. నన్నెవరూ మోసం చెయ్యలేరని నాకు గర్వం.

డెబ్బైల మొదట్లో సంగతి ఇది. మా తమ్ముడు కోర్టులో గుమాస్తా. జగ్గయ్యపేటలో పనిచేసినన్నాళ్లూ మా ఇంట్లోనే వెనక వాటాలో కాపురం ఉన్నాడు. వాడికి ఒక్కతే కూతురు, శశి. నాకు ఆడపిల్లలు లేరు, మగపిల్లలు హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. శశి నా చేతుల్లోనే పెరిగింది. దానికి జడ వెయ్యడం, అన్నం తినిపించడం, బళ్లో దింపి రావడం, అన్నీ నేనే. వాళ్లమ్మకి, అంటే మా మరదలికి, అది నచ్చేది కాదు. నాకూ మా మరదలికీ పడదు. ఈ 'పడదు' అన్న మాటని కాస్త గుర్తుపెట్టుకోండి. నేను చేసిన పాపమంతా ఆ మాట దగ్గరే మొదలైంది.

శశికి ఉబ్బసం. వానలు వెనకబట్టి, గట్లమీద గడ్డి వెన్ను తీసే రోజుల్లో మొదలయ్యేది. ముందు తుమ్ములు, కళ్ల దురద. ఆ తర్వాత పిల్లికూతలు. వినాయకచవితి వస్తోందంటే నాకు దడ పుట్టేది. వీధిలో పిల్లలంతా పత్రికి బయల్దేరితే ఇదీ వాళ్లవెంట పరుగెత్తేది. ఏటిగట్టు నుంచి గౌను నిండా గరిక పోసుకుని వచ్చేది. పూజ పూర్తికాకముందే రొప్పుతూ గోడకి ఆనుకుని కూర్చునేది. భుజాలు పైకి లేచిపోయేవి. గొంతు కింద గుంట పడేది. ఒక్క మాట పూర్తిగా అనలేకపోయేది. చూస్తుంటే నా ప్రాణం విలవిల్లాడిపోయేది. తమలపాకు రసం, మిరియాల కషాయం, నాకు తెలిసినవన్నీ పట్టాను. వాళ్ల నాన్న ఆయాసం బిళ్లలు మింగించేవాడు. తగ్గేది, మళ్లీ వచ్చేది.

మా మరదలి అన్నగారు చెబితే పిల్లని బెజవాడ తీసుకెళ్లారు. ఎలర్జీలు చూసే డాక్టరట. మరదలి పుట్టింటివాళ్లు చెప్పిన డాక్టరంటేనే నాకు సగం అపనమ్మకం. ఆయన పిల్ల ముంజేతి మీద వరసగా మందు చుక్కలు పెట్టి, సూదిమొనతో గీరి చూశాడట. కొన్నిచోట్ల దోమ కుట్టినట్టు దద్దు లేచిందట. మా తమ్ముడు వసారాలో చెప్పులు విప్పుకుంటూనే చెప్పాడు. గరిక పుప్పొడి పడదు. ముళ్లతోటకూర పుప్పొడి పడదు. సర్కారు తుమ్మ పూత పడదు.

నాకు నవ్వొచ్చింది. దేవుడి నెత్తిన పెట్టే గరిక పిల్లకి పడకపోవడమేంటి?

"సరే, మరి మందేంటిరా?" అన్నాను.

"అదేనక్కా వింత. పడనిదాన్నే మందు చేసి ఇస్తారంట. బాగా పల్చన చేసి వారం వారం సూది వేస్తారు. కొంచెం కొంచెం పెంచుకుంటా పోతే, ఒంటికి అలవాటైపోయి ఇంక పడుద్దంట."

పడనిదాన్ని ఎక్కిస్తారా! నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, పడనిదాన్ని దూరంగా పెట్టడం. వంకాయ పడకపోతే వంకాయ మానేస్తాం. మనిషి పడకపోతే ఆ గడప తొక్కం. నాకూ మా మరదలికీ పడదు కదా, ఆమెని వారం వారం కాస్త కాస్త భరిస్తే చివరికి పడుతుందా? ఇలా వాదించుకున్నాను నాలో నేను. నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ రోజు మాత్రం అది నాకు తిరుగులేని వాదన. ఎక్కడో బెజవాడలో ఎవరో డాక్టరు, మన పిల్లమీద ప్రయోగం చేసి చూసుకుంటున్నాడని తీర్మానించుకున్నాను. తమ్ముడితో అంటే, "నువ్వు ఊరుకో అక్కా, నీకన్నీ అనుమానాలే" అన్నాడు. మరదలు లోపల గిన్నెలు సర్దుతూ వింటోంది. ఆమె నవ్విందని నాకు అనిపించింది. నిజంగా నవ్విందో లేదో ఇప్పుడు చెప్పలేను.

మందు చల్లగా ఉండాలన్నారు. మా వీధిలో ఫ్రిజ్ ఉన్నది మా ఇంట్లోనే. అలా ఆ సీసాలు నా చేతికే వచ్చాయి. బొటనవేలంత గాజుసీసాలు, పైన రబ్బరు మూత, చుట్టూ తెల్లకాగితం చీటీ. చీటీమీద చేత్తో అంకె వేసి ఉండేది. ఒకటో సీసా అయ్యాక రెండోది, రెండోది అయ్యాక మూడోది. ఒక్కోటి ముందుదానికంటే చాలా ఘాటు. మొదటి రెండూ ఇచ్చి పంపారు. మూడోదానికి మళ్లీ బెజవాడ రమ్మన్నారు. మా వీధి చివర ఉండే కాంపౌండరు వారానికోసారి ఇంటికొచ్చి సూది వేసేవాడు.

మొదటి సూదికే శశి చెయ్యి ఎర్రగా పొంగింది. అది మామూలేనని బెజవాడలో ముందే చెప్పారట. మామూలని వాళ్లకి తెలిస్తే చాలా, పిల్లకి తెలియొద్దా? అది ఏడుస్తూ నా మెడ చుట్టూ చేతులు వేసి, "అత్తయ్యా, వద్దని చెప్పవా" అంది. అంతే, ఇంక ఆగలేకపోయాను.

అది ప్రేమేనా? ఈ ప్రశ్న నన్ను ఎన్నేళ్లుగా తొలుస్తోందో చెప్పలేను. పిల్లమీద ప్రేమ ఎంత, మరదలి మాట నెగ్గకూడదన్న పంతం ఎంత? పాలల్లో నీళ్లు కనిపెట్టగలిగిన మనిషిని, నాలో ఏది ఎంత కలిసిందో మాత్రం కనిపెట్టలేకపోయాను. ప్రేమే అయితే తమ్ముడితో పోట్లాడి ఆపించేదాన్ని కదా. చాటుగా ఎందుకు చేశాను? చాటుగా చేశానంటేనే అందులో ఏదో ఉంది.

చీరకి జాకెట్టుగుడ్డ కొనాలని చెప్పి నందిగామ వెళ్లాను. బస్టాండు దగ్గర మందుల కొట్లో, ఇంజక్షన్ పొడిలో కలిపే నీళ్ల సీసాలు కొన్నాను. నా భర్తకి వీపుమీద సెగ్గడ్డ లేచినప్పుడు వాటిని చూశాను. అవీ అంతే ఉంటాయి, అదే రబ్బరు మూత. జగ్గయ్యపేటలో అడిగితే ఎవరికి, ఎందుకు అంటారు. నందిగామలో నన్నెవరూ ఎరగరు. అనుమానం మనిషిని కదా, ఎదుటివాళ్లకి అనుమానం ఎక్కడ పుడుతుందో నాకు బాగా తెలుసు.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా పని కానిచ్చాను. ఉడుకుతున్న నీళ్ల ఆవిరిమీద పట్టి, అసలు సీసాల మీది చీటీలు మెల్లగా ఊడదీశాను. అన్నం మెతుకులు వేళ్లతో నలిపి, ఆ చీటీలు నీళ్ల సీసాలకి అంటించాను. వాటిని తిరిగి ఫ్రిజ్‌లో పెట్టాను. అసలు మందు సీసాలు దొడ్లో నిమ్మచెట్టు మొదట్లో గొయ్యి తీసి పాతేశాను. చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు కాఫీ పెట్టుకుని తాగాను. చేతులు వణకలేదు. అది ఇప్పుడు గుర్తొస్తే భయమేస్తుంది.

ఒకసారి మాత్రం దొరికిపోయాననుకున్నాను. కాంపౌండరు రెండో సీసా పట్టుకుని, "ఏంటమ్మగారూ, చీటీ చేతికొచ్చేస్తందీ?" అన్నాడు. ఫ్రిజ్ చెమ్మకి అలా అయిందని చెప్పాను. మరదలు పక్కనే ఉంది. ఊడిన చీటీ అందుకుని, వెనక ఎండిపోయి ఉన్న మెతుకుని గోటితో గీకింది. ఒకసారి నా వంక చూసింది. ఏమీ అనకుండా చీటీ మళ్లీ సీసాకి చుట్టి ఇచ్చేసింది. ఆమెకి తెలిసిందా? తెలిస్తే ఎందుకు ఊరుకుంది? ఏ తల్లీ ఊరుకోదు కదా అనుకుంటాను. మళ్లీ ఆ చూపు గుర్తొస్తుంది. ఆమె పోయి ఇప్పటికి కొన్నేళ్లయింది. అడుగుదామన్నా మనిషి లేదు.

నీళ్ల సూదులకి శశి చెయ్యి పొంగడం మానేసింది. పొంగడానికి ఏముంది అందులో? "మందు పడుతోంది" అని మా తమ్ముడు మురిసిపోయాడు. చలికాలం అంతా పిల్ల హాయిగా ఉంది. నేను రోజూ పొద్దున్నే చాటుగా నా కషాయం పడుతూనే ఉన్నాను. లోపల ఎంత సంబరమో! ఎక్కించింది నీళ్లు, నయం చేసింది నా కషాయం అని ఒకరోజు అందరిముందూ బయటపెట్టాలని, అప్పుడు మరదలి మొహం చూడాలని కాచుకుని ఉన్నాను. గడ్డి పూసే కాలం దాటిపోయింది కాబట్టి దాని బాధ తగ్గిందన్న ముక్క నాకు తట్టలేదు. పైగా ఆ రోజుల్లోనూ తెల్లారితే పాలవాడి చెంబు బోర్లించి చూస్తూనే ఉన్నాను. సిగ్గుండాలి కదా మనిషికి!

వేసవిలో మా తమ్ముడికి నందిగామ బదిలీ అయింది. సామాను లారీకెక్కించిన రోజు శశిని పట్టుకుని ఏడ్చాను. మరదలు మాత్రం హుషారుగా ఉంది. నా నీడ వదిలిందనుకుందేమో. అప్పటికి రెండో సీసా కూడా అయిపోయింది. మా తమ్ముడు బెజవాడ వెళ్లి, ఐసు వేసిన ఫ్లాస్కులో మూడో సీసా తెచ్చాడు. నందిగామలో చందర్లపాడు రోడ్డు వైపు ఒక లేడీ డాక్టరు కొత్తగా ప్రాక్టీసు పెట్టింది. మందు ఆమె దగ్గరే, ఆమె ఫ్రిజ్‌లోనే ఉంచారు. ఇంక నా చెయ్యి అక్కడిదాకా పోదు.

వానలు పడుతున్న రోజుల్లో పిల్లని చూడ్డానికి వెళ్లాను. మరదలికి జ్వరం, తమ్ముడు కోర్టుకి బయల్దేరుతున్నాడు. ఆ రోజే మూడో సీసాలోంచి మొదటి సూది. "నువ్వు తీసుకెళ్లక్కా" అన్నాడు. తీసుకెళ్లాను. దారంతా ఏం ఆలోచించాను? ఒక్క సూదికి ఏమవుతుంది, చెయ్యి పొంగుతుంది, అంతేగా అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను. ఇది మాత్రం నమ్మండి.

ఆ లేడీ డాక్టరు సన్నగా, బక్కపల్చగా ఉంది. వయసెంతో ఉండదు. పెళ్లి కాలేదట, ఒక్కతే ఉంటోందట, ఎక్కడి మనిషో ఎవరికీ సరిగ్గా తెలియదట. నా అనుమానాలకి అంతకంటే ఏం కావాలి? ముందు సూదులకి ఏమైనా ఇబ్బంది వచ్చిందా అని అడిగింది. ఏమీ లేదు, బ్రహ్మాండంగా పడ్డాయన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నోటివెంట. ఆవిడ సూది వేసి, కాసేపు ఇక్కడే కూర్చోవాలంది. పనుంది, పోతాం అన్నాను. "కుదరదమ్మా, కూర్చోండి" అని తలుపు దగ్గర కుర్చీ చూపించింది. ఎంత పొగరు అనుకున్నాను. ఆ పొగరే పిల్లని బతికించింది.

శశి ముందు అరచేతులు దురదగా ఉన్నాయంది. గోక్కుంటుంటే ఏంటే అని కసిరాను. చూస్తుండగానే పెదాలు లావెక్కాయి, కళ్లు మూసుకుపోయాయి, ఒళ్లంతా దద్దుర్లు. పిల్లికూతలు మొదలయ్యాయి. ఆ తర్వాత అవి కూడా ఆగిపోయాయి. నోరు తెరుచుకుని ఉంది, గాలి మాత్రం ఆడటం లేదు. నా ఒళ్లో పిల్ల బరువుగా వాలిపోయింది. నేను కేక పెట్టానట, నాకు గుర్తులేదు. డాక్టరు పరుగున వచ్చి పిల్లని లాక్కుని బల్లమీద పడుకోబెట్టి, తొడకి సూది గుచ్చింది. కాసేపాగి ఇంకోటి గుచ్చింది. తన చెమట తను తుడుచుకోకుండా పిల్ల ఛాతీకి చెవి ఆనించి వింటూ కూర్చుంది. మళ్లీ కూత వినిపించింది. ఏనాడూ వినకూడదనుకున్న ఆ పిల్లికూత కోసం ఆ రోజు దేవుళ్లందరికీ మొక్కాను.

పిల్ల తేరుకుని నిద్రలోకి జారాక ఆవిడ నన్ను పక్కగదిలోకి పిలిచింది. మెల్లగానే అడిగింది.

"అమ్మా, ముందు సీసాలు ఎక్కడ పెట్టేవాళ్లు?"

"మా ఇంట్లోనే. ఫ్రిజ్‌లో."

"అవి సరిగ్గా పడి ఉంటే దీనికి ఇంత అవ్వకూడదమ్మా. కింద మెట్లు ఎక్కకుండా ఒక్కసారే పైకి ఎగిరినట్టుంది. బయటేమైనా ఉండిపోయాయా? ఎవరైనా మార్చారా? ఏదైనా సరే చెప్పండి, నేను ఎవరితోనూ అనను. పిల్లకి తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలియాలి."

అప్పుడు తెలిసింది నాకు. నేను పాతేసింది మందు ఒక్కటే కాదు, ఆ పిల్ల ఎక్కాల్సిన మెట్లు కూడా. అంతవరకు నేను చేసింది తెలియక చేశాననుకోండి. ఆ క్షణం నుంచి తెలిసింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. చెబితే తమ్ముడు నా మొహం చూడడు. శశిని నా గడప తొక్కనివ్వరు. మరదలు గెలుస్తుంది. అవును, అంత ఘోరంలోనూ ఆ మూడో ముక్క తట్టింది నాకు.

"మా ఇంట్లో ఎవరు మారుస్తారు? ఎక్కువ మందు నువ్వెక్కించి, మా ఇంటిమీదికి తోస్తున్నావా?" అన్నాను. మెల్లగా అనలేదు. వాకిట్లో కూర్చున్న రోగులందరికీ వినపడేలా అన్నాను. "పిల్లని చంపేసేదానివి కదే! నీ చేతకానితనానికి మా మీద నింద వేస్తావా?"

ఆవిడ నా వంక చూస్తూ నిలబడింది. మా మరదలు మెతుకు గీకి చూసిన చూపే అది. నమ్మలేదు నన్ను. అనుమానించింది. నా జీవితంలో సరైన చోట పడ్డ మొదటి అనుమానం అదేనేమో.

ఆ తర్వాత నేను వేరే ఏమీ చెయ్యాల్సిన అవసరం లేకపోయింది. జనం పోగయ్యారు. కోర్టు నుంచి తమ్ముడు ఆయాసపడుతూ వచ్చాడు. ఎక్కువ డోసు ఇచ్చిందట, పిల్ల ప్రాణంమీదికి వచ్చిందట అన్న మాట సాయంత్రానికల్లా నందిగామ అంతా పాకింది. నేను జగ్గయ్యపేట బస్సెక్కితే, నా వెనక సీట్లో ఇద్దరాడవాళ్లు అదే చెప్పుకుంటున్నారు. మా పిల్లకే అని నేను వాళ్లకి చెప్పలేదు. కిటికీ వైపు తిరిగి ఎదురొచ్చే లారీలను చూస్తున్నట్టు కూర్చున్నాను.

మళ్లీ నందిగామ వెళ్లేసరికి ఆ ఇంటికి తాళం వేసి ఉంది. బోర్డు తీసేసిన చోట గోడ తెల్లగా కనపడుతోంది. ఆవిడ ఎటు వెళ్లిందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంకెక్కడైనా ప్రాక్టీసు పెట్టిందా? అక్కడికి కూడా ఈ మాట ఆవిడకంటే ముందు చేరిందా? పిల్ల ప్రాణం నిలబెట్టిన మనిషిని పిల్లని చంపబోయిన మనిషిగా మార్చి పంపేశాను.

శశికి ఆ సూదులు ఆపేశారు. "మన పిల్లకి అవి పడవు" అని తేల్చారు. ఇదిగో, మళ్లీ అదే మాట. ఏది పడలేదు? మందా? నేనా? మందు సరిగ్గా తీసుకున్నవాళ్లకి కూడా ఒక్కోసారి ఇలా వికటిస్తుందని ఎవరో అంటే ఎప్పుడో విన్నాను. ఆ ఒక్క మాటని పట్టుకుని కొన్నాళ్లు బతికాను. ఏమో, నేను మార్చకపోయినా అలాగే అయ్యేదేమో అని. కానీ ఆ 'ఏమో' మీద ఎంతకాలం నిలబడతారు ఎవరైనా? శశి ఏటా గడ్డి పూసే కాలానికి మంచం పట్టేది. పరీక్షలు పోయాయి. అత్తగారింట్లో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో పుట్టింటికి వచ్చేసేది, వాళ్లు సణిగేవాళ్లు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడల్లా, రొప్పుతూ నా చెయ్యే పట్టుకునేది. నన్నే నమ్మింది అది. మిగిలినవాళ్లు సూదులంటూ ప్రయోగాలు చేశారని, అత్తయ్య ఒక్కతే వద్దందని, ఇంటికొచ్చినవాళ్లకి చెప్పుకునేది. ఆ మాట వింటుంటే నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించేది.

నేను మారానా? లేదు, ఇంకా పాడయ్యాను. పూర్వం ఇతరులు నన్ను మోసం చేస్తారని అనుమానం. ఆ తర్వాత, వాళ్లకి నా సంగతి తెలిసిపోయిందేమోనని అనుమానం. తమ్ముడు కాసేపు మాట్లాడకుండా కూర్చుంటే తెలిసిందనుకునేదాన్ని. కాంపౌండరు వీధిలో నమస్కారం పెడితే, వెటకారంగా పెట్టాడా అని రెండోసారి చూసేదాన్ని. నిమ్మచెట్టు కింద తవ్వనిచ్చేదాన్ని కాదు. పాదు చెయ్యడానికి వచ్చినవాణ్ణి కూడా పంపేశాను. ఆ చెట్టు ఎండిపోయింది, నేను కొట్టించలేదు.

మొన్న శశి వచ్చింది. ఇప్పుడు దానికో కూతురు. ఈ మధ్యే బళ్లో వేశారు. ఆ పిల్లకీ పిల్లికూతలు. బెజవాడలోనే కాపురం, అక్కడే చూపించారు. పరీక్ష చేశారు, ఈ పిల్లకీ గరిక పడదట. ఈ ఎనభైల్లో మందులు అప్పటికంటే నయమట, సూదులు మొదలుపెడదామని డాక్టరు అన్నాడట. శశి మొగుడు సరేనన్నాడు. శశే వద్దంది. ఆ సంగతి చెప్పి, వంటింటి గడపలో చతికిలబడి నన్ను అడిగింది.

"మన ఇంటావంటా పడవు కదా అత్తయ్యా ఆ సూదులు. నన్ను చూశావుగా. నువ్వేమంటావు? నువ్వు వద్దంటే ఇంక ఆ ఊసే ఎత్తను."

నేను ఆ పిల్లకి ఇత్తడి గ్లాసులో పాలు ఇచ్చి అప్పుడే వచ్చాను. పిల్ల నాపరాళ్ల అరుగుమీద కూర్చుని ఊదుకుంటూ తాగుతోంది. దాని భుజాలు కొంచెం పైకి లేచి ఉన్నాయి. చూస్తే శశే కూర్చున్నట్టుంది. వద్దు అని ఒక్క మాట అంటే చాలు, నా రహస్యం నాతోనే పోతుంది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఈ పిల్ల కూడా ఏటా గోడకి ఆనుకుని కూర్చుంటుంది, అంతే. నిజం చెప్తున్నాను, ఆ మాట నా నాలుకమీదికి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా వచ్చింది.

"నీకు వేసింది మందు కాదే. నీళ్లు" అన్నాను.

ఒకసారి మొదలయ్యాక ఆపలేదు. నందిగామ మందుల కొట్టు, ఆవిరిమీద పట్టిన చీటీలు, అన్నం మెతుకులు, నిమ్మచెట్టు, ఆ డాక్టరు అడిగింది, నేను అరిచింది, అన్నీ చెప్పాను. నీమీద ప్రేమతో చేశానని అనబోయి ఆగిపోయాను. అది మాత్రం అనలేదు. ఆ ఒక్కటైనా సరిగ్గా చేశాననుకుంటాను.

శశి తిట్టలేదు. ఏడవలేదు. లేచి అరుగు దగ్గరికి వెళ్లింది. పిల్ల చేతిలోంచి పాలగ్లాసు మెల్లగా తీసుకుంది. అందులోకి ఒకసారి చూసి, పక్కన కిటికీలో పెట్టేసింది.

అర్థమైంది నాకు. నామీద నాకే జాలి వెయ్యలేదు. అది సరైన పనే చేసింది.

పిల్లకి చెప్పులు తొడుగుతూ, శశి తల ఎత్తకుండా ఒక్కటే అడిగింది. "ఆ డాక్టరమ్మ పేరేంటి?"

నాకు తెలియదు. బోర్డు ఇంగ్లీషులో ఉండేది, నేను చదువుకుంది తెలుగే. అందరూ లేడీ డాక్టరనే అనేవాళ్లు. తరిమేసేదాకా తెచ్చాను గానీ, పేరు ఏనాడూ అడగలేదు. తెలియదే అన్నాను. శశి తలూపింది. పిల్లని ఎత్తుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది. వెళ్లొస్తానని చెప్పలేదు.

ఇప్పుడు సూదులు మొదలుపెడతారో లేదో నాకు తెలియదు. మొదలుపెడితే ఆ సీసాలు ఎక్కడ ఉంచుతుందో నాకు చెప్పదు. చెప్పకూడదు కూడా. తమ్ముడికి చెప్తుందా? చెప్పనీ. ఎవరికి తెలిసిందో, ఎవరికి తెలియలేదో అని ఇంక లెక్క వేసుకోను. ఆ ఒక్క సుఖం దక్కింది నాకు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీకు ఆ అధికారం లేదు, ఆ అధికారం ఉన్న మనిషి పేరు కూడా నాకు తెలియదు.

వాళ్లు వెళ్లాక కిటికీలోంచి ఆ గ్లాసు తీసుకున్నాను. పాలు చల్లారిపోయి ఉన్నాయి. నేనే తాగాను. నా కళ్లముందు పిండినవే, అయినా పల్చగా, నీళ్లు కలిపినట్టే అనిపించాయి. తెల్లారి పాలవాడు వచ్చి, అలవాటు ప్రకారం చెంబు బోర్లించబోయాడు.

"అక్కర్లేదులే, పిండు" అన్నాను.